ఐర్లాండ్ పల్లెల్లో, వానలో, కారులో ఇద్దరు: మీ ప్లాన్‌లో ఏం మార్చాలి

ప్రశ్న: మా 10వ పెళ్లిరోజుకి నేనూ మావారూ సెప్టెంబరు చివర్లో హైదరాబాద్ నుంచి ఐర్లాండ్ వస్తున్నాం. 10 రోజులు, 9 రాత్రులు. డబ్లిన్‌లో కారు తీసుకుని బెల్‌ఫాస్ట్, జెయింట్స్ కాజ్‌వే, డోనెగల్, గాల్వే, మోహర్ కొండచరియలు, డింగిల్, కిల్లార్నీ, కార్క్ చూసుకుని మళ్లీ డబ్లిన్ చేరాలని ప్లాన్. రోజుకో ఊళ్లో బస. ఐర్లాండ్ వీసాకి అప్లై చేస్తున్నాం. నేను శాకాహారిని, ఆయన చికెన్, చేపలు తింటారు. అక్కడ రోజూ వానే అంటున్నారు, ట్రిప్ పాడవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. వానలో అక్కడ డ్రైవింగ్ సేఫేనా?

సమాధానం:

ముందు వాన సంగతి తేల్చేద్దామండీ. పడుతుంది. పది రోజులూ పొడిగా గడుస్తాయని ఆశ పెట్టుకోకండి. నేను ఈ దేశపు పడమటి వైపు చాలా ఏళ్లుగా ఉంటున్నాను. మన వైపు నుంచి చుట్టాలు, స్నేహితులు మీలాంటి ప్లాన్లతోనే వస్తుంటారు. వాళ్లలో సెలవు పాడైందని బాధపడినవాళ్లందరిలో ఒకటే కనిపించింది: రోజుకో ఊరు బుక్ చేసుకోవడం. బస ముందే కట్టేసి ఉంటుంది కాబట్టి ఎంత వాన ఉన్నా, ఎంత పొగమంచు కమ్మినా కదలాల్సిందే. చూడాలనుకున్నది కనిపించదు, ఆగి ఎదురు చూడటానికి టైమ్ ఉండదు. తక్కువ చోట్ల ఎక్కువ రాత్రులు ఉండి, ఏ రోజు ఎటు వెళ్లాలో పొద్దున్నే వాతావరణం చూసి నిర్ణయించుకుంటే ఇదే వాన మీ ట్రిప్‌లో మంచి భాగం అవుతుంది. మిగతా సమాధానమంతా ఈ ఒక్క మాట చుట్టూనే.

ఇక్కడి వాన తీరు తెలిస్తే సగం భయం పోతుంది. డబ్లిన్‌లో ఏడాదికి పడేది సుమారు 750 మిల్లీమీటర్లు. హైదరాబాద్‌లో దాదాపు 800. మొత్తంలో పెద్ద తేడా లేదు. మనకి అది నైరుతి నెలల్లో, అందులోనూ కొన్ని గంటల్లో కుమ్మరించి పోతుంది. ఇక్కడ ఏడాది పొడవునా కొంచెం కొంచెంగా పడుతూనే ఉంటుంది. తూర్పు తీరంలో ఏడాదికి 150 రోజుల వరకు, పడమట కొన్ని చోట్ల 225 రోజుల వరకు వాన రోజులే. కానీ పడుతున్నప్పుడు గంటకి సగటున 1, 2 మిల్లీమీటర్లే. అట్లాంటిక్ మీంచి వచ్చే తేమ గాలి డింగిల్, కిల్లార్నీ ఉన్న కెర్రీ, గాల్వేకి పడమటనున్న కనెమారా, ఇంకా డోనెగల్ కొండలెక్కుతూ చల్లబడి అక్కడే ఎక్కువ కురుస్తుంది. అందుకే ఎత్తైన కొండల మీద ఏడాదికి 2000 మిల్లీమీటర్లు కూడా దాటుతుంది. మీరు చూడాలనుకుంటున్నవి సరిగ్గా ఆ కొండలే.

ఇక్కడ ఉండగా ఉండగా నాకు మూడు రకాల వానలు గుర్తుపట్టడం అలవాటైంది. మీకూ పనికొస్తుంది. ఒకటి తుంపర. మబ్బు కొండ దిగి రోడ్డు మీదికి వచ్చేస్తుంది, చినుకు కనపడదు కానీ బట్టలు తడుస్తాయి. ఆ రోజు ఎత్తైన చోట్లకి, కొండచరియల దగ్గరికి వెళ్లినా ఏమీ కనిపించదు. అడవులు, జలపాతాలు, పాత కట్టడాలు చూసుకోవాలి. రెండోది జల్లులు. ఇరవై నిమిషాలు గట్టిగా కొట్టి, ఎండ వచ్చి, మళ్లీ కొడుతుంది. ఫొటోలకి ఇంతకంటే మంచి రోజు ఉండదు, వెలుతురు నిమిషానికోలా మారుతుంది. కారులో కూర్చుని జల్లు పోనిచ్చి దిగితే చాలు. మూడోది గంటల తరబడి పట్టే ముసురు, గాలితో కలిసి వస్తుంది. చాలాసార్లు అది పొద్దున మొదలై మధ్యాహ్నానికో సాయంత్రానికో పడమర నుంచి తెరిపి ఇస్తుంది. తెరిపి ఇచ్చాక వచ్చే గాలి చల్లగా, శుభ్రంగా ఉండి చూపు చాలా దూరం ఆనుతుంది. కొండచరియలకి, సముద్రపు ఒడ్డు రోడ్లకి ఆ గంటలే వెళ్లాలి. ఇక్కడి వాతావరణ శాఖ పేరు మెట్ ఏరన్. దాని యాప్‌లో రాడార్ చూస్తే వాన ఎటు కదులుతోందో స్పష్టంగా తెలుస్తుంది. వారం ముందు చెప్పిన జోస్యం కంటే ఆ పూట రాడార్‌ని నమ్మండి.

ఇప్పుడు మీ రూటు. బెల్‌ఫాస్ట్, జెయింట్స్ కాజ్‌వే తీసేయండి. అవి ఉత్తర ఐర్లాండ్‌లో ఉన్నాయి, అంటే యునైటెడ్ కింగ్‌డమ్. సరిహద్దు దగ్గర గేటు ఉండదు, ఎవరూ ఆపరు, ఫోన్‌లో నెట్‌వర్క్ మారితే తప్ప దాటినట్టు కూడా తెలియదు. కానీ మామూలు ఐర్లాండ్ వీసాతో అక్కడికి వెళ్లడం చట్టప్రకారం కుదరదు. మీ వీసా మీద బీఐవీఎస్ (ఐర్లాండ్, యూకే రెండింటికీ చెల్లే వీసా పథకం) అని రాసి ఉంటే, లేదా విడిగా యూకే వీసా ఉంటే వేరే సంగతి. లేకపోతే రిస్క్ చేయకండి, తర్వాత ఏ దేశం వీసాకి అప్లై చేసినా ఆ ప్రశ్న వెంటాడుతుంది. యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసా ఐర్లాండ్‌లో చెల్లదన్నది కూడా గుర్తుంచుకోండి. డోనెగల్ అద్భుతమే, కానీ పది రోజుల్లో దాన్ని కెర్రీతో కలిపితే మీవారు స్టీరింగ్ ముందే సెలవంతా గడపాలి. దాన్ని ఇంకోసారికి ఉంచండి.

నేనైతే ఇలా పెడతాను. మొదటి రాత్రి డబ్లిన్‌లో నిద్ర. మనవైపు నుంచి నేరుగా విమానం లేదు, ఎక్కడో మారి వస్తారు, దిగగానే కారు తీసుకోకండి. మర్నాడు పొద్దున కారు తీసుకుని గాల్వే మీదుగా కనెమారాలోని క్లిఫ్డెన్, అక్కడ 3 రాత్రులు. తర్వాత మోహర్ కొండచరియలున్న క్లేర్‌లో డూలిన్ గానీ లహించ్ గానీ 1 రాత్రి. తర్వాత కెర్రీలో 3 రాత్రులు, డింగిల్ లేదా కిల్లార్నీ. చివరి రాత్రి మళ్లీ డబ్లిన్, కారు ముందే అప్పగించేసి. కార్క్ నగరం నా లెక్కలో లేదు. నగరాల కోసం మీరు అంత దూరం రావట్లేదు కదా.

డ్రైవింగ్ గురించి మీ భయం అర్థమైంది. మీవారికి ఒక పెద్ద సౌలభ్యం ఉంది: ఇక్కడా ఎడమ వైపే నడపాలి, స్టీరింగ్ కుడి వైపే. అమెరికా, ఫ్రాన్స్ నుంచి వచ్చేవాళ్లు మొదటి రెండు రోజులు పడే అవస్థ ఆయనకి ఉండదు. మన అలవాట్లలో మార్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యం హెడ్‌లైట్ కొట్టడం. మన దగ్గర ఎదుటి బండి లైటు కొట్టిందంటే ‘నేను వస్తున్నా, ఆగు’ అని. ఇక్కడ ఎక్కువగా ‘మీరు రండి, నేను ఆగుతాను’ అని. ఇరుకు రోడ్డు మీద ఈ ఒక్కటి తారుమారైతే ఇద్దరూ ఒకేసారి ముందుకొస్తారు. హారన్ దాదాపు వినపడదు, కొడితే తిట్టినట్టు అనుకుంటారు. రౌండబౌట్ దగ్గర కుడి వైపు నుంచి వచ్చేవాళ్లకి దారి ఇవ్వాలి, సందు దొరికిందని దూరకూడదు.

రోడ్లకి అక్షరాలుంటాయి. ఎం అంటే మోటర్‌వే, వేగ పరిమితి గంటకి 120 కిలోమీటర్లు. ఎన్ అంటే జాతీయ రహదారి, మామూలుగా 100. ఆర్ అయితే 80. ఎల్ అంటే పల్లె రోడ్లు, వీటి మీద పరిమితిని 2025 ఫిబ్రవరిలో 80 నుంచి 60కి తగ్గించారు. ఇక్కడే కొత్తవాళ్లు పొరబడతారు. క్లిఫ్డెన్ వైపు వెళ్లే ఎన్ 59 కూడా జాతీయ రహదారే, రోడ్డు మాత్రం మలుపులతో, గతుకులతో, పక్కనే బురద నేలతో ఉంటుంది. తడి రోడ్డు మీద అక్కడ 60, 70 మించకండి. వెనక లోకల్ బండి వచ్చి అంటుకుంటే వెడల్పు చోటు చూసి పక్కకి తీసి పోనివ్వండి, చెయ్యి ఎత్తి థాంక్స్ చెప్పి పోతారు. ఫోన్ మ్యాప్ గంటన్నర అంటే మీరు రెండు గంటలు అనుకోండి. మ్యాప్ ‘6 నిమిషాలు తక్కువ’ అని చూపించే అడ్డదారులు అసలు పట్టకండి. మధ్యలో గడ్డి మొలిచి, రెండు పక్కలా రాతి గోడలున్న సందులోకి తీసుకెళ్తుంది. ఎదురుగా ట్రాక్టర్ వస్తే వెనక్కి నడపాల్సింది మీరే.

వానలో ముందు బండికి కనీసం నాలుగు సెకన్ల దూరం ఉంచండి. పగలైనా హెడ్‌లైట్లు డిమ్‌లో వేసుకోండి. అద్దం లోపల ఆవిరి పడితే గుడ్డతో తుడుస్తూ నడపొద్దు, ఏసీ వేడి గాలితో కలిపి ఆన్ చేయండి, ఏసీ గాలిలో తేమని లాగేస్తుంది. రోడ్డు మీద నీళ్లు నిలిచి లోతు తెలియకపోతే వెనక్కి తిప్పేయండి. క్లేర్, గాల్వే ప్రాంతంలో సున్నపురాయి నేల కింద నుంచి నీళ్లు ఊరి పొలాలే చెరువులవుతాయి, రోడ్డు ఎక్కడ దిగిపోయిందో కనిపించదు. తుఫానులకి ఇక్కడ పేర్లు పెడతారు, ఆ సీజన్ సెప్టెంబరు 1 నుంచే లెక్క. హెచ్చరిక పసుపు అయితే జాగ్రత్తగా తిరగొచ్చు. నారింజ అయితే తీరం వైపు, కొండ దారుల వైపు పోకండి. ఎరుపు అయితే ఆ రోజు గది దాటకండి. అత్యవసరమైతే 112 లేదా 999.

గాలి గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతున్నా. తీరం దగ్గర కారు ఆపి తలుపు మామూలుగా తీస్తే గాలి దాన్ని విరిచేసినంత పని చేస్తుంది. కారు ముఖం గాలికి ఎదురుగా ఉండేలా ఆపండి, తలుపు రెండు చేతులతో పట్టుకుని తీయండి. ఇద్దరూ ఒకేసారి రెండు పక్కలా తీయొద్దు, లోపల కాగితాలన్నీ సముద్రంలోకే.

కారు అద్దె దగ్గర కొన్ని విషయాలు. మన లైసెన్స్‌తో పర్యాటకులుగా నడపొచ్చు, దానితో పాటు ఆర్‌టీఓ ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్ కూడా తెచ్చుకోండి, చాలా కంపెనీలు అడుగుతాయి. ఆటోమేటిక్ కావాలంటే ఇప్పుడే బుక్ చేయండి, మాన్యువల్ కంటే ఖరీదెక్కువ, చివర్లో దొరకవు. ఎంత చిన్న కారైతే అంత మంచిది. ఇన్సూరెన్స్‌లో డబ్బు ఆదా చేయొద్దని నా గట్టి సలహా. కొన్ని క్రెడిట్ కార్డుల కారు ఇన్సూరెన్స్ ఐర్లాండ్‌ని మినహాయిస్తుంది. టైర్లు, అద్దాలు మామూలు కవరేజీలో తరచుగా ఉండవు. పల్లె రోడ్ల మీద దెబ్బ తినేవి అవే, ముఖ్యంగా ఎడమ వైపు టైర్లు, ఎడమ అద్దం. పూర్తి కవర్ తీసుకుంటే ముళ్లకంచె గీసుకున్న ప్రతిసారీ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు. మీకూ లైసెన్స్ ఉంటే రెండో డ్రైవర్‌గా పేరు ఎక్కించండి. ఎయిర్‌పోర్ట్ నుంచి పడమరకి వెళ్తూ ఎం 50 మీద ఒక టోల్ దాటుతారు. గేటు ఉండదు, కెమెరా ఫొటో తీస్తుంది. అద్దె కంపెనీ కడుతుందో, మీరే మర్నాడు రాత్రి 8 లోపు ఆన్‌లైన్‌లో కట్టాలో కౌంటర్‌లోనే అడిగేయండి. బంకులో ఆకుపచ్చ పైపు పెట్రోల్, నల్లది డీజిల్.

ఇక చూసేవాటి దగ్గరికొద్దాం. నాకు ఇష్టమైన భాగం ఇదే.

కనెమారాని ఎండలో చూసినవాళ్లు బాగుందంటారు. వానలో చూసినవాళ్లు మళ్లీ వస్తారు. ఎన్ 59 నుంచి విడిపోయి ఐనా లోయ గుండా పోయే ఆర్ 344 అనే చిన్న రోడ్డు ఉంది, ఒక పక్క ట్వెల్వ్ బెన్స్ కొండలు, ఇంకో పక్క మామ్‌టర్క్స్, మధ్యలో సరస్సు. మంచి వాన పడ్డాక ఆ కొండల మీద అంతకు ముందు లేని తెల్లటి పాయలు ఎక్కడ చూసినా కిందికి దూకుతుంటాయి. ఎండ రోజు అవి ఉండవు. గొర్రెలు రోడ్డు మధ్యలో పడుకుంటాయి, వాటి వీపు మీద ఎరుపో నీలమో రంగు ఉంటుంది, ఎవరివో గుర్తుపట్టడానికి. అవి లేచేదాకా ఆగండి.

ఆ రోడ్డు చివర దగ్గర్లోనే కైల్‌మోర్ అబ్బీ. మిచెల్ హెన్రీ అనే సంపన్నుడు తన భార్య మార్గరెట్‌తో ఉండటానికి 1860ల చివర్లో ఈ కోటని కట్టించడం మొదలుపెట్టాడు. ఆవిడ 1874లో ఈజిప్టు ప్రయాణంలో చనిపోతే, ఆమె జ్ఞాపకంగా సరస్సు ఒడ్డునే చిన్న గోథిక్ చర్చి కట్టించాడు. 1920 నుంచి అక్కడ బెనెడిక్టైన్ సన్యాసినులు ఉంటున్నారు. పెళ్లిరోజుకి వచ్చేవాళ్లు తప్పకుండా చూడాల్సిన చోటని నా అభిప్రాయం. లోపల చూడటానికి చాలా ఉంది కాబట్టి ముసురు రోజుకి అట్టిపెట్టుకోండి. అదే ప్రాంతంలో బాలినాహించ్ కోట అనే హోటల్ ఉంది. దాన్ని 1920ల్లో కొన్నది మన రంజీత్‌సిన్హ్‌జీ, రంజీ ట్రోఫీకి ఎవరి పేరు పెట్టారో ఆయనే. చేపలు పట్టడానికి వేసవిలో వచ్చేవారు. బస ఖరీదే, కానీ ఒక టీ తాగి ఆ నది పక్కన నడవొచ్చు.

క్లిఫ్డెన్‌కి కొంచెం దక్షిణంగా డెరిగిమ్లా అనే బురద మైదానం ఉంది. 1919 జూన్ 15న ఆల్కాక్, బ్రౌన్ అనే ఇద్దరు న్యూఫౌండ్‌లాండ్ నుంచి 16 గంటలు ఆగకుండా ఎగిరి వచ్చి ఇక్కడ దిగారు. ఆగకుండా అట్లాంటిక్ దాటిన మొదటి విమానం అది. దారంతా మబ్బు, మంచు. పైనుంచి పచ్చిక మైదానంలా కనిపించింది, తీరా దిగితే బురద, విమానం ముక్కు దిగబడిపోయింది. ఇద్దరికీ ఏమీ కాలేదు. మార్కోనీ రేడియో స్టేషన్ శిథిలాలూ అక్కడే. సుమారు 5 కిలోమీటర్ల నడక దారి ఉంది. తుంపరలో నడవడానికి నాకు తెలిసి ఇంతకంటే మంచి చోటు లేదు, ఆ ఇద్దరూ చూసిన ఆకాశాన్నే మీరూ చూస్తారు.

క్లిఫ్డెన్ నుంచి క్లేర్‌కి వెళ్లే రోజు బరెన్ గుండా వెళ్లండి. కనుచూపు మేర బూడిదరంగు సున్నపురాయి. వాన నీరంతా రాతి పగుళ్లలోకి ఇంకిపోతుంది కాబట్టి పైన వాగులు దాదాపు ఉండవు. తడిసిన రాయి నల్లగా మెరుస్తుంది, జారుతుంది కూడా, మామూలు చెప్పులతో దాని మీద నడవకండి. పౌల్నబ్రోన్ దగ్గర ఐదు వేల ఏళ్లకి పైబడిన రాతి సమాధి ఉంది, బండరాళ్ల మీద పెద్ద పలక నిలబెట్టారు. వాన మరీ ఎక్కువైతే ఐల్వీ గుహలోకి వెళ్లిపోండి.

మోహర్ కొండచరియలు 214 మీటర్ల ఎత్తు, 8 కిలోమీటర్ల పొడవు. పొగమంచు కమ్మితే తెల్లటి గోడ తప్ప ఇంకేం కనపడదు. డబ్లిన్ నుంచి బస్సులో ఒక్క రోజుకి వచ్చేవాళ్లు అలాగే చూసి వెళ్లిపోతారు. మీరు డూలిన్‌లోనో లహించ్‌లోనో పడుకుంటే సాయంత్రం ఒకసారి, పొద్దున ఒకసారి ప్రయత్నించొచ్చు. ఆ రాత్రిని వదులుకోవద్దని చెప్పేది ఇందుకే. గాలి రోజున అంచు దగ్గరికి పోకండి, కంచె దాటి ఫొటోలు దిగేవాళ్లని చూసి మీరు దిగకండి. తీరం వెంట నడక దారిలో కొన్ని భాగాలు మూసి ఉండొచ్చు, బోర్డు మాట వినండి.

క్లేర్ నుంచి కెర్రీకి చుట్టూ తిరిగి లిమరిక్ మీదుగా పోకుండా కిల్లైమర్‌లో కారుతో సహా ఫెర్రీ ఎక్కండి. ఇరవై నిమిషాల్లో షానన్ నది ముఖద్వారం దాటి టార్బర్ట్‌లో దింపుతుంది. మీవారికి ఆ ఇరవై నిమిషాలూ విశ్రాంతి.

కెర్రీలో డింగిల్‌నా, కిల్లార్నీనా అంటే నా ఓటు డింగిల్‌కే. చిన్న ఊరు, అన్నీ నడిచి వెళ్లే దూరం. అక్కడి నుంచి స్లే హెడ్ రోడ్డుని గడియారం ముల్లు తిరిగే దిశలోనే తిరగండి. పెద్ద బస్సులు అటే వెళ్తాయి కాబట్టి ఎదురుపడవు, పైగా సముద్రం ఎడమ వైపు ఉంటుంది, అంటే మీ కిటికీ వైపు. ఐరిష్ మాట్లాడే ప్రాంతం కాబట్టి చాలా బోర్డుల మీద ఊరి పేర్లు ఐరిష్‌లో ఉంటాయి. ఎక్కడైనా డింగిల్‌ని ‘అన్ డాంగన్’ అని చూస్తే దారి తప్పామనుకోకండి. ఆ దారిలోనే గ్యాలరస్ ఒరేటరీ ఉంది. సున్నం, మట్టి ఏమీ లేకుండా రాయి మీద రాయి పేర్చి, తిరగేసిన పడవ ఆకారంలో కట్టిన ప్రార్థనా మందిరం. వెయ్యేళ్ల నాటిదో, ఇంకా ముందుదో పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. రాళ్లని బయటికి కొంచెం వాలుగా పేర్చడం వల్ల నీళ్లు బయటికే జారిపోతాయి. దాన్ని వాన పడుతుండగానే చూడాలి. లోపల నిలబడి ఆ పొడి నేలని చూస్తే కట్టినవాళ్ల పనితనం అప్పుడు తెలుస్తుంది. కానర్ పాస్ కొండ దారి మాత్రం తేటగా ఉన్న రోజే. మబ్బు దిగితే ఎన్ 86 మీదుగా రండి.

కిల్లార్నీకి ఒక రోజు చాలు, అదీ బాగా వాన పడిన మర్నాడు. 1932లో మొదలైన ఈ దేశపు తొలి జాతీయ పార్కు అది. టోర్క్ జలపాతం ఎత్తు 20 మీటర్లే, కానీ వాన తర్వాత దాని హోరు కార్ పార్కు దాకా వినిపిస్తుంది. మక్రాస్ హౌస్ అనే పాత భవనం, లేడీస్ వ్యూ అనే చోటి నుంచి లోయ చూడండి. 179 కిలోమీటర్ల రింగ్ ఆఫ్ కెర్రీ రోడ్డు మొత్తం తిరగాలన్న పట్టుదల వద్దు. ఒక్క రోజులో దాన్ని చుట్టేసినవాళ్లకి గుర్తుండేది టూరిస్ట్ బస్సుల వెనక అద్దాలే. స్కెల్లిగ్ మైఖేల్ దీవికి పడవలు సెప్టెంబరు చివరితో ఆగిపోతాయి, అలలు ఎక్కువైతే అంతకు ముందే రద్దవుతాయి. దాని చుట్టూ ప్లాన్ కట్టుకోకండి. డబ్లిన్‌కి తిరిగి వెళ్లేటప్పుడు మాలో, మిచెల్స్‌టౌన్ మీదుగా ఎం 8 ఎక్కితే దారిలో క్యాషెల్ కొండ మీది పాత కోట, చర్చి చూసుకోవచ్చు.

ఇద్దరి గురించి కూడా రెండు మాటలు, పెద్దవాళ్లు చెప్పినట్టు తీసుకోండి. వానలో నడిపే మనిషి రోడ్డు తప్ప ఏమీ చూడలేడు. పక్కనున్నవాళ్లు ‘అబ్బ, అటు చూడండి’ అన్నప్పుడల్లా అతనికి చిరాకో, ప్రమాదమో. కాబట్టి ఆగే చోట్లు ముందే ఎంచుకోండి, ఆగాక ఇద్దరూ కలిసి చూడండి. దారి చెప్పే పని మీరు తీసుకోండి. కనెమారాలో సిగ్నల్ పోతుంది, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. జంటలు కారులో గొడవ పడేది దాదాపు ఎప్పుడూ ఒకే వేళ, సాయంత్రం, ఆకలి మీద, ఇంకా 80 కిలోమీటర్లు మిగిలి ఉన్నప్పుడు. మీరు వచ్చే రోజుల్లో ఏడుంబావు ప్రాంతంలో సూర్యాస్తమయం. నాలుగు తర్వాత కొత్త చోటికి బయల్దేరకపోతే ఆ గొడవే రాదు. జల్లు కొట్టేటప్పుడు సముద్రానికి ఎదురుగా కారు ఆపుకుని ఫ్లాస్కులో టీ తాగుతూ కూర్చోవడం ఇక్కడివాళ్లందరూ చేసే పనే. ఇంట్లో ఎన్నాళ్లుగానో కుదరని మాటలు అప్పుడు కుదురుతాయి.

సాయంత్రం బసకి చేరాక కారు తాళం పక్కన పెట్టేసి పబ్‌కి నడిచి వెళ్లండి. తాగకపోయినా ఫర్వాలేదు, టీ అడిగినా సంతోషంగా ఇస్తారు. పీట్ (బురద నేల నుంచి తవ్వి ఎండబెట్టిన మట్టి ఇంధనం) మంట పక్కన కూర్చుంటే తడిసిన జాకెట్ కూడా ఆరుతుంది. డూలిన్‌లో, డింగిల్‌లో రాత్రి తొమ్మిది, తొమ్మిదిన్నరకి ఫిడిల్, ఫ్లూట్ పట్టుకుని ఊళ్లోవాళ్లే వచ్చి వాయిస్తారు. పాట మొదలైతే మాటలు ఆపాలి, అది మర్యాద. మీవారు తాగితే ఆ రాత్రే కాదు, మర్నాడు పొద్దున నడిపేటప్పుడు కూడా జాగ్రత్త. రక్తంలో పరిమితి 100 మిల్లీలీటర్లకి 50 మిల్లీగ్రాములే, పొద్దున కూడా ఆపి చూస్తారు.

తిండికి మీరు ఇబ్బంది పడరు, ముందే చెబితే చాలు. బీ అండ్ బీలో (గది, పొద్దుటి టిఫిన్ కలిపి ఇచ్చే చిన్న బస) పొద్దున పెట్టే ఐరిష్ బ్రేక్‌ఫాస్ట్‌లో సాసేజ్, బేకన్, బ్లాక్ పుడ్డింగ్ అన్నీ పంది మాంసమే. బ్లాక్ పుడ్డింగ్‌లో రక్తం కూడా ఉంటుంది, పేరు చూసి స్వీట్ అనుకోకండి. ముందు రోజు రాత్రే శాకాహారమని చెప్పండి. ఓట్స్ జావ, సోడా బ్రెడ్, గుడ్లు (మీరు తినకపోతే అదీ చెప్పండి), పుట్టగొడుగులు, టమాటాలు చేసి పెడతారు. మధ్యాహ్నం ఏ ఊళ్లోనైనా కూరగాయల సూప్, బ్రౌన్ బ్రెడ్ దొరుకుతుంది, చికెన్ స్టాక్ వేశారా అని అడగండి. మీవారికి సీఫుడ్ చౌడర్ అనే చిక్కటి చేపల సూప్ చెప్పండి, కొన్ని చోట్ల బేకన్ వేస్తారు, అదీ అడగాలి. పల్లెల్లో వంటగది తొమ్మిదికల్లా, కొన్నిసార్లు ఎనిమిదిన్నరకే మూసేస్తారు. ఇంటి నుంచి గోంగూర పచ్చడి, పొడులు తెచ్చుకోవచ్చు. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు, పచ్చి కరివేపాకు మాత్రం తేకండి, యూరోపియన్ యూనియన్ నిబంధనలు ఒప్పుకోవు.

బట్టల్లో గొడుగు మర్చిపోండి, పడమటి గాలికి ఒక్క పూట ఉండదు. టోపీ ఉన్న మంచి వాటర్‌ప్రూఫ్ జాకెట్లు, పైన తొడుక్కునే వాటర్‌ప్రూఫ్ ప్యాంట్లు, పట్టు ఉన్న బూట్లు. జీన్స్ తడిస్తే రోజంతా ఆరవు. రెండో జత బూట్లు కారులో ఉంచండి. ప్లగ్గులు యూకే తరహా మూడు దీర్ఘచతురస్రాకారపు పిన్నులవి, అడాప్టర్ కావాలి.

బుకింగ్స్ అన్నీ ఉచితంగా రద్దు చేసుకునే వీలున్నవే తీసుకోండి. తుఫాను హెచ్చరిక వస్తే క్లేర్ రాత్రిని గాల్వేకి మార్చుకోవచ్చు. తేదీలు, వీసా ఖరారయ్యాక ఇక్కడే రాయండి. క్లిఫ్డెన్‌లో, డింగిల్‌లో భోజనానికి నడిచి వెళ్లగలిగే బసలు ఏ వీధుల వైపు చూడాలో చెబుతాను.